మెటబాలిక్ సిండ్రోమ్‌కు సప్లిమెంట్లు: ఏది, ఎంత, ఎవరికి

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో డాక్టరుకు చూపించుకుని బయటికొచ్చిన మనిషి చేతిలో రెండు కాగితాలుంటాయి: ల్యాబ్ రిపోర్టు, మందుల చీటీ. ఇల్లు చేరేలోపు వాటికి మూడోది తోడవుతుంది. మందుల షాపు కౌంటరు మీద కనబడిన చేపనూనె సీసా, బంధువు చెప్పిన మెంతిపొడి, ఫోన్లో చూసిన వీడియోలోని పసుపు బిళ్లలు, ఇలా ఏదో ఒకటి. వీటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి, కొన్ని చేయవు, కొన్ని హాని చేస్తాయి. తేడా చాలాసార్లు మోతాదులోనే ఉంటుంది. పరిశోధనలో ఫలితమిచ్చిన మోతాదు ఒకటి, సీసాలో ఉన్నది మరొకటి.

మెటబాలిక్ సిండ్రోమ్ అంటే ఒకే జబ్బు పేరు కాదు. ఐదు కొలతల్లో మూడు దారి తప్పితే ఆ పేరు పెడతారు. మన దేశంలోని వాళ్లకు నడుము చుట్టుకొలత మగవాళ్లలో 90 సెం.మీ., ఆడవాళ్లలో 80 సెం.మీ. లేదా అంతకు మించి ఉండడం, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40కి, ఆడవాళ్లలో 50కి తక్కువ, బీపీ 130/85 లేదా ఆపైన, పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన. వీటికి ఇప్పటికే మందు వాడుతుంటే రిపోర్టులో అంకె మామూలుగా ఉన్నా ఆ కొలత లెక్కలోకి వస్తుంది. నడుమంటే ప్యాంటు సైజు కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ నడిమధ్య, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. ప్యాంటు సైజు 34 వేసుకునేవాడి పొట్ట 38 అంగుళాలుండడం మామూలే, బెల్టు పొట్ట కింద కట్టుకుంటాడు కాబట్టి.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, 15.3 శాతం మందికి దాని ముందు దశ, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 39.5 శాతం మందికి పొట్ట దగ్గర కొవ్వు ఉన్నాయి. మూడుపూటలా అన్నం, ఇడ్లీ, ఉప్మాల మీద నడిచే కృష్ణా, గుంటూరు ఇళ్లలో ఎక్కువగా కనిపించే జంట ట్రైగ్లిజరైడ్లు పెరగడం, హెచ్‌డీఎల్ తగ్గడం. అవసరానికి మించిన పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఆ కొవ్వు హెచ్‌డీఎల్ కణాల్లోకీ చేరుతుంది, అలా కొవ్వు చేరిన హెచ్‌డీఎల్‌ను శరీరం త్వరగా తీసేస్తుంది. అందుకే నూనె మానేసినా అన్నం తగ్గించనివాళ్లకు ఈ జంట మారదు.

కాబట్టి సప్లిమెంటు కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న, ఐదింటిలో తనకు తప్పింది ఏది అన్నది. ఐదింటినీ సరిచేసే బిళ్ల ఇప్పటికి లేదు.

ఇసబ్‌గోల్, మెంతులు: చవకైనవే, గ్రాములు తగ్గకూడదు

ఉన్నవాటిలో ఆధారం గట్టిగా ఉన్నది పీచుకే. ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లు తగలగానే జిగురులా ఉబ్బుతుంది. ఆ జిగురు పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పోయిన పైత్యరసాన్ని మళ్లీ తయారుచేసుకోడానికి కాలేయం రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను వాడుకుంటుంది. అదే జిగురు అన్నంలోని గ్లూకోజు రక్తంలోకి ఎక్కే వేగాన్నీ తగ్గిస్తుంది. రోజుకు 10 గ్రాముల పొట్టు క్రమంగా వాడితే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం తగ్గుతుందని చాలా అధ్యయనాలు చూపించాయి.

మన దగ్గర ఇసబ్‌గోల్ మలబద్ధకం మందుగానే అందరికీ తెలుసు, రాత్రి పడుకునేముందు వేడిపాలల్లో ఒక చెంచా. షుగరుకు, కొలెస్టరాల్‌కు ఈ పద్ధతి పనికిరాదు. జిగురు భోజనంతో కలిస్తేనే పని. టేబుల్ స్పూను నిండా పొట్టు సుమారు 5 గ్రాములు, టీ స్పూనుకు అందులో మూడోవంతే. మొదటి వారం మధ్యాహ్న భోజనానికి పది నిమిషాల ముందు ఒకటిన్నర టీ స్పూను పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగాలి. ఆపైన ఇంకో అర గ్లాసు నీళ్లు. రెండు మూడు వారాల్లో మధ్యాహ్నం ఒక టేబుల్ స్పూను, రాత్రి ఒక టేబుల్ స్పూనుకు పెంచుకోవచ్చు. మొదటి రోజే పది గ్రాములు వేసుకుంటే కడుపుబ్బరం వచ్చి మూడోరోజుకే మానేస్తారు. పొడిగా నోట్లో పోసుకుని నీళ్లు తాగితే గొంతులో అడ్డుపడి ఊపిరాడని ప్రమాదం ఉంది, ముసలివాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. మింగడం కష్టమైనవాళ్లు, పేగు ఇరుకైనవాళ్లు వాడకూడదు. థైరాయిడ్ మాత్ర, షుగర్ మాత్రలు, గుండె మందులు దీనికి కనీసం రెండు గంటల ఎడంగా వేసుకోవాలి, లేకపోతే వాటినీ జిగురు పట్టేస్తుంది. నారింజ రుచి కలిపిన ప్యాకెట్లలో చాలావాటికి చక్కెర కలుపుతారు, వెనక చదివి కొనాలి.

మెంతులది మనకు ఇంకా దగ్గరి కథ. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో 1980, 90 దశకాల్లోనే వీటి మీద పని జరిగింది. టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్లకు రోజుకు 25 గ్రాముల మెంతులిచ్చి చూశారు. టైప్ 1 వాళ్లకు కొవ్వు తీసిన పొడి 100 గ్రాముల దాకా ఇచ్చారు. టీ స్పూనుడు మెంతులు నాలుగు గ్రాములు కూడా ఉండవు. అంటే 25 గ్రాములంటే ఆరేడు చెంచాలు. తర్వాతి అధ్యయనాల్లో 10 గ్రాములకూ కొంత ఫలితం కనిపించింది. తాలింపులో వేసే చిటికెడు మెంతులతో షుగరు దిగదు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. రాత్రి మెంతులు నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు తాగి, గింజలు పారేస్తారు. పనిచేసే పీచంతా పారేసిన గింజలోనే ఉంది. రెండున్నర, మూడు చెంచాలు నానబెట్టి, ఆ నీళ్లతో సహా మెత్తగా రుబ్బి, గ్లాసుడు పల్చటి మజ్జిగలో కలిపి భోజనానికి ముందు తాగితే చేదు తగ్గుతుంది, పీచు దక్కుతుంది. ఉప్పు వేయొద్దు, బీపీ కూడా ఐదింటిలో ఒకటి కదా. ఒక చెంచాతో మొదలుపెట్టి పెంచాలి. చెమటకు, మూత్రానికి మెంతివాసన రావడం మామూలే. గర్భిణులు ఈ మోతాదుకు పోకూడదు. వేరుశనగ, శనగలు పడనివాళ్లకు మెంతులూ పడకపోవచ్చు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పాలి.

చేపనూనె లెక్క

ట్రైగ్లిజరైడ్లకు చేపనూనె పనిచేస్తుందన్నది నిజం. ఈపీఏ, డీహెచ్ఏ అనే రెండు ఒమేగా-3 కొవ్వులు కలిపి రోజుకు 2 నుంచి 4 గ్రాములు పడితే, బాగా పెరిగి ఉన్న ట్రైగ్లిజరైడ్లు 20 నుంచి 30 శాతం దిగుతాయి. ఇప్పుడు సీసా తిప్పి చూడాలి. ముందు వైపు '1000 మి.గ్రా.' అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అది నూనె మొత్తం బరువు. వెనక చిన్నక్షరాల్లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది. కలిపితే 300. రెండు గ్రాములు రావాలంటే ఏడు గుళికలు, నాలుగు గ్రాములకు పద్నాలుగు. రోజుకొక గుళిక వేసుకుని మూడు నెలల తర్వాత 'చేపనూనె పనిచేయలేదు' అనుకునేవాళ్లు నిజానికి దాన్ని వాడనట్టే. పోనీ అని మామూలు గుళికలు పది మింగడమూ దారి కాదు. ఎక్కువ గాఢత ఉన్నవి, డాక్టరు చీటీ మీద వచ్చేవి ఉన్నాయి. కాడ్ లివర్ ఆయిల్‌ను మాత్రం ఆ లెక్కన అసలు పెంచకూడదు, అందులోని విటమిన్ ఎ పేరుకుని కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

గుండెపోటును ఆపుతుందా అన్నదానికి జవాబు ఒక్కటిగా లేదు. శుద్ధి చేసిన ఈపీఏ 4 గ్రాములిచ్చిన రెడ్యూస్-ఇట్ పరీక్షలో గుండె ప్రమాదాలు 25 శాతం తగ్గాయని 2018లో తేలింది. ఈపీఏ, డీహెచ్ఏ కలిపి అదే 4 గ్రాములిచ్చిన స్ట్రెంగ్త్ పరీక్షలో 2020లో లాభమే కనబడలేదు. పెద్ద మోతాదుల్లో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కొద్దిగా పెరుగుతుందని మాత్రం రెండింటిలోనూ కనిపించింది. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంది, అప్పుడు సొంత వైద్యానికి తావు లేదు.

గుళికలు రోజులో పెద్ద భోజనంతో వేసుకుంటే బాగా ఒంటబడతాయి, చేపవాసన తేన్పులూ తగ్గుతాయి. మే నెలలో 45 డిగ్రీలు కాసే ఊళ్లో సీసాను వంటగది అలమరలో పెడితే నూనె ముక్కిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టాలి. అనుమానమొస్తే ఒక గుళిక కోసి వాసన చూడాలి, పెయింటులాంటి ఘాటు వస్తే పారేయాలి. అవిసె గింజల్లో ఉన్నది వేరే రకం ఒమేగా-3. అది ఒంట్లో ఈపీఏగా మారేది చాలా కొద్ది. అవిసెపొడి పీచు కోసం మంచిదే, ట్రైగ్లిజరైడ్ల కోసం కాదు. మాంసాహారులకు వారానికి రెండుసార్లు కనగర్తలు, కవళ్లు వంటి సముద్రపు చేపల పులుసు తేలికైన దారి. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతిలో ఈ నూనె అంత ఉండదు.

దుగ్గిరాల పసుపు నుంచి కర్క్యుమిన్ బిళ్ల దాకా

దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే ఉన్నవాళ్లకు పసుపు మీద నమ్మకం సహజం. 2012లో థాయిలాండులో మధుమేహానికి ముందు దశలో ఉన్న 240 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. తొమ్మిది నెలల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 16.4 శాతం మందికి మధుమేహం వచ్చింది, కర్క్యుమిన్ వాడినవాళ్లలో ఒక్కరికీ రాలేదు. ఒకే కేంద్రంలో జరిగిన పరిశోధన కాబట్టి దీని మీద అంతా కట్టేయలేం. వాళ్లిచ్చింది రోజుకు 1500 మి.గ్రా. కర్క్యుమినాయిడ్లు. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. మూడు గ్రాముల చెంచాలో 90 మి.గ్రా. ఉంటుంది. 1500 కావాలంటే రోజుకు 50 గ్రాముల పసుపు తినాలి. కూరలో పసుపు కూరకే, పసుపుపాలు గొంతుకే.

బిళ్లల్లో మరో చిక్కుంది. కర్క్యుమిన్ ఒంటికి పట్టదని వాటికి మిరియాల సారం పైపెరిన్ కలుపుతారు. 20 మి.గ్రా. పైపెరిన్‌తో రక్తంలో కర్క్యుమిన్ ఇరవై రెట్లయిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. పైపెరిన్ ఇది చేసేది కాలేయంలో, పేగులో మందుల్ని విరగ్గొట్టే పనిని అడ్డుకోవడం ద్వారా. ఆ అడ్డు పసుపుకొక్కదానికే పరిమితం కాదు. అదే మనిషి వాడే ఇతర మందుల మోతాదూ రక్తంలో పెరగొచ్చు. పసుపు సారం బిళ్లలతో, ముఖ్యంగా పైపెరిన్ కలిపినవాటితో, కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఒక ప్రత్యేక జన్యు రకం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. మూత్రం ముదురు రంగు, కళ్లు పచ్చబడడం, ఒళ్లంతా దురద, అన్నం సయించకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే బిళ్ల ఆపి కాలేయ పరీక్ష చేయించాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు వీటి జోలికి పోకపోవడమే మంచిది.

పేరులో పసుపు ఉన్నా మానుపసుపుకు వంటింటి పసుపుతో చుట్టరికం లేదు. దాని చెక్కలోని బెర్బెరిన్‌కు షుగరు, ట్రైగ్లిజరైడ్లు, ఎల్‌డీఎల్ మూడింటినీ కొంత దించే గుణం ఉంది. చైనాలో జరిగిన చాలా అధ్యయనాల్లో 500 మి.గ్రా. రోజుకు రెండు మూడుసార్లు భోజనానికి ముందిచ్చారు. వాటిలో ఎక్కువ భాగం చిన్నవి, కొద్ది నెలలవే. మొదటి వారాల్లో విరేచనాలు, కడుపునొప్పి మామూలు, కాబట్టి రోజుకొకటితో మొదలుపెట్టాలి. గర్భిణులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు వాడకూడదు, పసిపాప మెదడుకు పచ్చకామెర్ల ముప్పు తేగలదు. కిడ్నీ మార్పిడి చేయించుకుని సైక్లోస్పోరిన్ వాడేవాళ్లలో ఆ మందు స్థాయిని పెంచుతుంది. సన్నబడే సూదిమందుకు ఇదే బదులని చెప్పే ప్రకటనల్లో పస లేదు, బరువు మీద దీని ప్రభావం కొద్ది కిలోలు మించదు.

దాల్చినచెక్క గురించి క్లుప్తంగా. పరిశోధనలు పరస్పరం పొసగవు. పచారీ కొట్లో దొరికే మందమైన చెక్క ఎక్కువగా కాషియా రకం. అందులో కౌమరిన్ అనే పదార్థం గ్రాముకు సుమారు 3 మి.గ్రా. ఉంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలో బరువుకు రోజుకు 0.1 మి.గ్రా. 60 కిలోల మనిషికి రెండు గ్రాముల చెక్కపొడితోనే ఆ హద్దు వచ్చేస్తుంది. రోజూ చెంచా తినాలనుకునేవాళ్లు కాగితంలా పలచటి పొరలు చుట్టుకున్న సిలోన్ చెక్క కొనాలి.

లోటు ఉంటే నింపాలి

షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు, శాకాహారులకు బి12 లోటు రావడం సాధారణం. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు షుగరు వల్లనేనని సరిపెట్టుకుంటారు, పరీక్ష చేస్తే బి12 అడుగంటి ఉంటుంది. ఈ సప్లిమెంటుకు నిజమైన పని ఇక్కడుంది. నోటి ద్వారా రోజుకు 500 నుంచి 1000 మైక్రోగ్రాములు చాలామందికి చాలు. కానీ 'నరాల బిళ్ల' పేరుతో వచ్చేవాటిలో బి6 ఎంతుందో చూడాలి. రోజుకు 100 మి.గ్రా. మించి నెలల తరబడి వాడితే బి6 తానే నరాలను దెబ్బతీసి అవే తిమ్మిర్లు తెస్తుంది.

విటమిన్ డి విషయంలో జరుగుతున్న తప్పు మరింత ప్రమాదకరం. డాక్టరు రాసేది 60,000 యూనిట్ల పొట్లం వారానికొకటి, సాధారణంగా ఎనిమిది వారాలు. తర్వాత ఆపి లేదా నెలకొకటికి తగ్గించి మళ్లీ పరీక్ష. వారానికన్నది రోజుకని పొరబడినా, ఎనిమిది వారాలన్నది ఏడాదైనా రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మతిమరుపు, కిడ్నీ దెబ్బ దాకా పోతుంది. మధుమేహాన్ని ఆపడానికి విటమిన్ డి ఇవ్వొచ్చా అని 2,423 మంది మీద రోజుకు 4,000 యూనిట్లతో చేసిన పరీక్ష 2019లో స్పష్టమైన లాభం చూపలేదు. లోటు ఉంటే నింపుకోవాలి, అంతే.

మెగ్నీషియం బీపీని ఒకటి రెండు పాయింట్లు దించుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు. బీపీకి లోసోడియం ఉప్పు వాడేవాళ్లకూ ఇదే హెచ్చరిక. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్, లోసార్టన్, స్పైరనోలాక్టోన్ వంటి బీపీ మందులు వాడేవాళ్లలో, కిడ్నీ బలహీనమైనవాళ్లలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. అతిమధురం దీనికి తలకిందులు: బీపీని పెంచి పొటాషియాన్ని దించుతుంది. దగ్గు కషాయాల్లో, మూలికా టీల్లో అది ఉంటుందని బీపీ ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాలి.

కొనకూడనివి, కొనేటప్పుడు చూడాల్సినవి

నయాసిన్ అనే బి3 విటమిన్ హెచ్‌డీఎల్ అంకెను పెంచుతుంది, గుండెపోటును తగ్గించదు. 2011, 2014లలో వెలువడిన రెండు పెద్ద పరీక్షలు ఇది తేల్చాయి, పైగా షుగరును పెంచుతుంది. ఎర్రబియ్యం ఈస్టు సారంలో ఉన్నది లోవాస్టాటిన్ అనే మందే, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడుతూ దీన్నీ వేసుకుంటే కండరాలు దెబ్బతినొచ్చు. సన్నబడడానికని అమ్మే గార్సీనియా, గ్రీన్ టీ సారం బిళ్లలు కాలేయ జబ్బు తెచ్చిన కేసులు చాలా ఉన్నాయి. గ్రీన్ టీ కాచుకుని తాగడం వేరు, సారాన్ని పరగడుపున గుళికగా మింగడం వేరు.

లేబుల్ లేని పొడులది అన్నిటికంటే పెద్ద భయం. నేరేడు గింజలు, పొడపత్రి, కాకర అని చెప్పి అమ్మే షుగరు పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ వంటి అల్లోపతి మందు కలిపిన ఉదంతాలు ఎన్నో బయటపడ్డాయి. పొడి మొదలుపెట్టిన వారానికే 250 ఉన్న షుగరు 110కి పడితే సంతోషించేలోపు అనుమానించాలి. మూలిక అంత వేగంగా పనిచేయదు. అప్పటికే షుగరు మాత్రలు వేసుకుంటున్న పెద్దవాళ్లు తెల్లవారుజామున చెమటలు పట్టి స్పృహ తప్పేది ఇలాంటి వాటితోనే.

సీసా మీద దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, 'మందుగా వాడరాదు' అన్న అర్థమొచ్చే వాక్యం, ఒక్కో పదార్థం విడిగా ఎన్ని మి.గ్రా. అన్నది ఉండాలి. పది మూలికల పేర్లు రాసి మొత్తం బరువు మాత్రమే ఇచ్చిన సీసా కొనొద్దు, ఏది ఎంతో తెలియకపోతే ఏది పనిచేసిందో, ఏది చెరిచిందో తెలియదు. షుగరు, బీపీ, ఊబకాయం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి మాయా ఔషధాల చట్టం కింద నేరం. అలా ప్రకటించిన కంపెనీ లేబుల్ మీద మిగతా అంకెలనూ నమ్మలేం.

పోలికకు ఒక అంకె. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యాలుగా పెట్టుకున్నవాళ్లలో మధుమేహం ముప్పు 58 శాతం తగ్గింది. మనవాళ్ల మీద చెన్నైలో చేసి 2006లో ప్రచురించిన దానిలో ఆహారం, నడకతో 28.5 శాతం తగ్గింది. మధుమేహాన్ని ఆపడంలో పైన చెప్పిన ఏ సీసాకూ ఇంత గట్టి ఆధారం లేదు. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. మధ్యాహ్నం అన్నం సగం చేసి, ఆ ఖాళీలో పప్పు, కూర పెంచుకుని, బీసెంట్ రోడ్డుకో బ్రాడీపేటకో బండి తీయకుండా నడిచి వెళ్లడంతో మొదలయ్యే పని అది.

సప్లిమెంటు మొదలుపెట్టేవాళ్లు ఒకసారి ఒకటే మొదలుపెట్టాలి. ముందురోజు రాత్రి భోజనం తర్వాత 10 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా లిపిడ్ పరీక్ష, దాంతోపాటు హెచ్‌బీఏ1సీ, కాలేయ, కిడ్నీ పరీక్షలు చేయించి కాగితం దాచాలి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల షుగరు సగటు కాబట్టి 12 వారాల తర్వాత అదే ల్యాబులో మళ్లీ చేయించాలి. అంకె కదలకపోతే ఆపేయాలి. జుట్టు కోసం బయోటిన్ వేసుకునేవాళ్లు రక్తపరీక్షకు రెండు మూడు రోజుల ముందే మానాలి, థైరాయిడ్ రిపోర్టును అది తప్పుగా చూపిస్తుంది. ఆపరేషను ఉందంటే చేపనూనె, పసుపు, మెంతి బిళ్లల సంగతి సర్జనుకు చెప్పి, ఎన్నాళ్ల ముందు మానాలో అడగాలి, చాలావాటిని ఒకటి రెండు వారాల ముందే ఆపమంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పేర్లు చెప్పడం చాలదు, ఇంట్లో ఉన్న సీసాలు, పొట్లాలు, పొడి డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకుపోయి బల్ల మీద పెట్టాలి.